అందరికీ ఒకే డబ్బా

"గీ పోటీల రోబోలు ఉరుకుతలేవు మేడమ్, పర్సులు ఉరుకుతున్నయి!"

ఎల్బీనగర్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రోబో పోటీకి పేర్లు రాసుకుంటున్న అమ్మాయి తలెత్తింది. కోఆర్డినేటర్ జ్యోతిక. తన రోబోని చంకలో పెట్టుకుని మధు ఆమె ముందు నిలబడ్డాడు. పాత టేప్‌రికార్డర్లలోంచి పీకిన మోటార్లు, ప్లాస్టిక్ మూతల చక్రాలు. అదే అతని రోబో.

"అయితే మీ పర్సుకే చక్రాలు బిగించి తీసుకురండి. దాన్నీ రిజిస్టర్ చేస్తాను," అంది జ్యోతిక, నవ్వకుండా.

లైన్లో ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. మధు చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాట కాదు. నిరుడు ఫస్టొచ్చిన మీ కాలేజోళ్లయి ఫారిన్ సెన్సార్లు. గీ ట్రాక్ మీద నెల రోజులు ప్రాక్టీస్ చేసిన్రు. మేం పోటీ పొద్దుగాలనే ఫస్ట్ టైమ్ చూసినం. నల్ల గీత పట్టుకొని పోవాల్సిన మా రోబో, గీతేదో మనిషి నీడేదో తెల్వక గోడకు గుద్దుకున్నది."

"మరి ఏం చేయమంటారు?"

ఇలా అడుగుతుందని అతను అనుకోలేదు.

"అందరికీ ఒకే డబ్బా ఇయ్యున్రి. అందరికీ అవే మోటార్లు, అవే సెన్సార్లు. పొద్దున ఇచ్చి మధ్యాహ్నం కల్లా తయారు చెయ్యమనున్రి. ట్రాక్ మీద ప్రాక్టీసు తలా మూడు సార్లే. అప్పుడు తెలుస్తది ఎవరి తెలివెంతో."

జ్యోతిక అదంతా రాసుకుంది. "ఫోన్ నంబర్ చెప్పండి."

లైన్లో మళ్లీ నవ్వులు. "డబ్బా గురించి మాట్లాడ్డానికి!" అని గబుక్కున అంది. ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

అది రెండు వేల పదకొండు సెప్టెంబరు. వారం తిరక్కముందే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీలు మూతబడ్డాయి, పోటీ నెలన్నర వాయిదా పడింది. మధు నాన్న మట్టయ్య హయత్‌నగర్ డిపోలో డ్రైవరు. ఆయన పొద్దున్నే సమ్మె టెంటుకి పోతే, మధు సైకిలెక్కి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేవాడు.

ఎందుకంటే పోటీ పనులు చూసుకునే లెక్చరర్ సూర్యప్రభ మేడమ్ డబ్బా ఆలోచనకి ఒప్పుకుంది, ఒక షరతు మీద. పన్నెండు టీములకి సరిపడే సామాను విద్యార్థులే కూడగట్టాలి. మధు, జ్యోతిక కలిసి రిపేరు షాపులు, కంప్యూటర్ సెంటర్లు తిరిగారు. పాత మోటార్లు అడుక్కున్నారు. మూడో రోజుకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక మూసిన షాపు రేకు కిందికి పరిగెత్తారు. జ్యోతిక వాళ్లది తెనాలి. పదిహేనేళ్లుగా వనస్థలిపురంలో ఉంటున్నారు. వాన చూస్తూ, ఆట పట్టిస్తున్నట్టే అడిగింది.

"తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారా ఏంటి?"

నవ్వుతూనే అడిగింది గానీ, ఆ కళ్లలో నవ్వు లేదని మధు గమనించాడు.

"ఎవలు పొమ్మంటరు? గీ పన్నెండు డబ్బాలు నేనొక్కన్నే మొయ్యాల్నా?"

ఆమె ఫక్కున నవ్వింది. వాన ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది మధుకి. ఆ వాన మాత్రం ఐదు నిమిషాల్లో వెలిసింది.

సమ్మె ముగిసి, పోటీ వారం ఉందనగా మధు టీమ్‌మేట్ బెన్నీ పరిగెత్తుకొచ్చాడు.

"అరే, పరేషానయింది! 'కోఆర్డినేటర్ బాయ్‌ఫ్రెండ్ కోసం రూలు మార్చింది' అని నిరుడు ఫస్టొచ్చిన టీమోళ్లు కంప్లైంట్ ఇచ్చిన్రు. మేడమ్ పాత రూలే పెడతదంట."

మధు సైకిలెక్కి నేరుగా సూర్యప్రభ మేడమ్ దగ్గరికి వెళ్లాడు. "నేను పోటీల ఉండ మేడమ్. మా బెన్నీ ఒక జూనియర్‌ను తోడు తీసుకొని ఆడుతడు. రూలు మాత్రం ఉంచున్రి."

రూలు నిలిచింది. జ్యోతికకి మాత్రం మండింది.

"నన్నడక్కుండా ఎలా తప్పుకున్నావు?"

"అడిగితే వద్దంటవని."

"పెద్ద త్యాగమూర్తివి అనుకుంటున్నావా?" అని వెళ్లిపోయింది. వారం రోజులు ఫోన్ ఎత్తలేదు.

పోటీ రోజు పొద్దున పన్నెండు టీములు పన్నెండు డబ్బాలు విప్పాయి. మధు ప్రేక్షకుల్లో కూర్చుని చేతులు నలుపుకుంటూ చూశాడు. బెన్నీ రోబో చివరి మలుపులో ఆగిపోయింది. నాలుగో స్థానం. పోయినేడు గెలిచినవాళ్లకి మూడోది. మొదటిది మలక్‌పేట నుంచి వచ్చిన పాలిటెక్నిక్ అమ్మాయి హెప్సిబాది. ఆ ఉదయం దాకా ఆమె ఒక్క సెన్సార్‌ని కూడా చేత్తో పట్టుకోలేదు, పుస్తకంలో బొమ్మ చూడటమే. కప్పు అందుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మధే.

పక్క కుర్చీ కదిలింది. జ్యోతిక.

"నువ్వుంటే మీ టీము గెలిచేదేమో. బాధగా లేదూ?"

"ఉన్నది. కానీ గా పిల్ల మొఖం జూసినవా?"

"చూశాను." హెప్సిబా వైపు చూసి నవ్వింది. "వచ్చే ఏడూ ఇదే రూలన్నారు మేడమ్. అప్పుడు ఆడు."

"నేనైతే ఆడ."

"ఎందుకు?"

మధు ట్రాక్ వైపు చూస్తూ అన్నాడు. "'బాయ్‌ఫ్రెండ్' అని ఆళ్లన్న మాట మొన్న అబద్ధం. వచ్చే ఏటికి నిజమైతదని ఆశపడుతున్న. నిజమైతే నేనెట్ల ఆడాలె?"

జ్యోతిక కుర్చీని అతని వైపు తిప్పుకుంది.

"అలాగైతే కోఆర్డినేటర్‌గా నేనే తప్పుకుంటాను," అంది మెల్లగా. "నువ్వు ఆడు."

"అంటే?"

"అర్థం కాలేదా?"

"అయింది. కానీ ఇంకోసారి చెప్పు, వినబుద్ధయితున్నది."

ఆమె అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగి, మళ్లీ చెప్పింది. ఈసారి అందులో పోటీ ఊసే లేదు.