బదులు పలికేదాకా

మూడో పాఠానికి కూడా తూనిక తొంభై నాలుగే వేసేసరికి సుగుణరత్నానికి ఆవలింత వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచీ ఇదే వరస. తెర మీద కాబోయే ఇంగ్లీషు టీచరు ఒకరు, ఆ టీచరు ముందు తూనిక యంత్రం పుట్టించిన ఇరవై మంది నీడపిల్లలు. టీచరు అడగడం, నీడపిల్లలు టకటకా అప్పజెప్పడం, తూనిక మార్కులు వెయ్యడం, కింద సుగుణరత్నం సాక్షిముద్ర కొట్టడం. ఆ నీడపిల్లల్లో ఒక్కడికీ ముక్కు కారదు. ఒక్కతీ పక్కదాని జడ లాగదు. అడిగిన ప్రశ్నకి అన్నీ వచ్చినట్టే నవ్వుతూ చెయ్యెత్తుతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఈ తూనిక ధర్మమా అని అసలు వినేవాడే అక్కర్లేకుండా పోయాడు.

"ముద్ర వెయ్యండి సాక్షి గారూ. మీరు ఆరు సెకన్లు ఆలస్యం," అంది తూనిక. గొంతు మాత్రం వెన్నపూస.

"వేస్తన్నాలే తల్లీ, నీ తొందర తగలెయ్య!"

ఆరో మూత పడి అప్పటికి పదకొండు నెలలు. గాలిజ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం, బళ్ళకీ కాలేజీలకీ తాళాలు పడటం, జనం ఇళ్ళల్లో దూరడం, ఇదంతా ఊళ్ళకి అలవాటైపోయింది. గాలి కాస్త తేటగా ఉండే పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రం ఎవరి మేడ మీదికి వాళ్ళు ఎక్కొచ్చు. దాన్ని మేడగంట అంటారు. మిగతా ఇరవై మూడు గంటలూ నాలుగ్గోడల మధ్యే.

మొదటి మూత నాటికి సుగుణరత్నం ఒంగోలు శిక్షణ కాలేజీలో ఇంగ్లీషు బోధన చెప్పేది. ఆవిడ చేతి కింద తయారైన టీచర్లు జిల్లాలో ఏ మండలానికి వెళ్ళినా నలుగురు కనపడతారు. ఇప్పుడు నేర్పేదీ తూనికే, తూచేదీ తూనికే. ఆవిడకి మిగిలింది వంటింటి పక్క గదిలో ఒక కుర్చీ, ఒక ముద్ర, విభేదమనే ఎర్ర మీట. తూనిక మాట కాదనాలంటే ఆ మీట నొక్కాలి. సాక్షికి మొత్తం ఉద్యోగంలో మూడే విభేదాలు. మూడోది నొక్కితే ఆ పాఠానికి సాక్షి మాటే నెగ్గుతుంది, కానీ గంటలో కుర్చీ మూతపడుతుంది. సుగుణరత్నం ఇప్పటికే రెండు వాడేసింది.

"ఈ పూట ఆ చీరాల పిల్లది ఉందిగా?" అన్నాడు ప్రభుదాసు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. భార్య పని గురించి భార్య కంటే ఎక్కువ కంగారు పడతాడు.

"ఉంది. తర్వాతది అదే."

"ఆ మీట జోలికి మాత్రం పోబాక రత్నం. నీకు దణ్ణం పెడతా."

"నాకేం పిచ్చా?" అందావిడ. అంది గానీ, కళ్ళు ఆ ఎర్ర మీట మీదికే పోయాయి.

చీరాల పిల్ల పేరు బీరక మంజీర. నేతపేట పిల్ల. గొంతు కంచుగంట, ఇంగ్లీషు గట్టిది, పిల్లలంటే ప్రాణం. అయినా రెండుసార్లు తప్పింది. మొదట ముప్పై ఎనిమిది, తర్వాత నలభై ఒకటి. ఈసారి తప్పితే శిక్షణ నుంచి పేరు కొట్టేస్తారు, మళ్ళీ జన్మలో చేర్చుకోరు. అంత పిల్లనీ ముంచేస్తున్నది ఒకే ఒక్క జబ్బు. ప్రశ్న అడిగి ఆగుతుంది. రెండు సెకన్లు దాటిన ప్రతి మౌనానికీ తూనిక మార్కులు కోస్తుంది. దాని లెక్కలో అది మౌననష్టం.

కిందటి వారం సుగుణరత్నం నెత్తీ నోరూ కొట్టుకుంది. "అడుగు, ఒకటీ రెండూ అనుకో, ముందుకెళ్ళిపో. ఎవరికోసమమ్మా ఆగుతావు? వాళ్ళు నీడలు."

"తెలుసు మేడమ్ గారూ. కానీ నాకు చేతగావటల్లేదు," అంది మంజీర. "మా పేటలో వీధి పొడుగునా పడుగు సాగదీస్తారు గదా. ఈ కొసనున్నవాళ్ళు కేకేస్తే, ఆ కొసనున్నవాళ్ళు బదులు పలికేదాకా దారం కదిలించరు. కదిలిస్తే పోగులు తెగిపోతాయి. నేను నడక నేర్చిందే ఆ పడుగు పక్కన. అడిగింతర్వాత అవతల మనిషి పలక్కుండా నా కాలు ముందుకు పడదు."

ఆ మాటకి సుగుణరత్నం తల దించుకుంది. ఎందుకంటే ఒకప్పుడు నల్లబల్ల ముందు నిలబడి తను నేర్పింది కూడా అదే. ప్రశ్న అడిగాక ఐదు లెక్కపెట్టండర్రా, పిల్లాడి బుర్రలో మాట ఉడకాలి గదా అనేది. అలాంటిది ఇప్పుడు ఆగొద్దని తనే బతిమాలుతోంది. సిగ్గేసింది. సిగ్గేసినా పిల్ల గట్టెక్కితే చాలనుకుంది.

ఎనిమిదీ ఐదుకి తెర మీదికి మంజీర వచ్చింది. వెనక గోడ లేదు, పిట్టగోడ ఉంది, దాని మీద చిలపలనే నూలు కట్టలు ఆరేసి ఉన్నాయి.

"ఇదేందమ్మా, మేడ మీదున్నావు?"

"కింద తాత మగ్గం నేస్తన్నాడు మేడమ్ గారూ. ఆ చప్పుడికి తూనిక ఒప్పుకోదు. అందుకే పైకొచ్చా." పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సరే. ఏం చెప్పానో గుర్తుందిగా?"

"గుర్తుంది. ఒకటీ రెండూ, వెళ్ళిపోవటమే."

పాఠం మొదలైంది. చుట్టూ కనపడేవాటిని ఇంగ్లీషులో చెప్పడం, ఐదో తరగతికి. మంజీర మొదటి నాలుగు నిమిషాలూ గుర్రం మీద పోయినట్టు పోయింది. అడిగింది, నీడపిల్లలు చెప్పారు, ఆగలేదు. తూనిక ముల్లు ఎనభై దాటింది. సుగుణరత్నం ఊపిరి పీల్చుకుని టీ అందుకుంది.

అప్పుడడిగింది మంజీర, కంచుగంట మోగినట్టు. "వాట్ కెన్ యూ సీ ఫ్రమ్ యువర్ రూఫ్?"

నీడపిల్లలు ఇంకా చేతులెత్తుతూనే ఉన్నారు. ఎక్కణ్ణించో, దూరం నుంచి, ఒక బొంగురు గొంతు గట్టిగా అరిచింది. "ఐ కెన్ సీ ఎ బోట్, టీచర్!"

మంజీర గిరుక్కున వెనక్కి తిరిగింది.

తిరిగింది, అంతే. పరీక్ష లేదు, తూనిక లేదు, కెమెరాకి వీపు. ఆ వీపు పక్కనుంచి సుగుణరత్నానికి నేతపేట మేడలు కనపడ్డాయి. ప్రతి మేడ మీదా పిల్లలే. ఒక మేడ మీద ఇద్దరు, ఇంకో దాని మీద నలుగురు, నీళ్ళ ట్యాంకు పక్కన ఒకడు, మెట్ల గది పైన కాళ్ళు వేలాడేసుకుని ఇంకొకడు. అందరి చేతుల్లో పలకలో, అట్టముక్కలో ఉన్నాయి. నిన్నా మొన్నా పలక పట్టిన చేతులు కావవి, బాగా అలవాటైన చేతులు.

"ఓరి నాయనో!" అంది సుగుణరత్నం. "ఈ పిల్ల బడి పెట్టింది!"

"ఎస్, రాము! ఎ బోట్! నాగేశ్, వాట్ కెన్ యూ సీ?" మంజీర చెయ్యి చాపి ఒక్కొక్క మేడనే అడుగుతోంది. గాలి మీద మాట వెళ్ళాలి, పిల్లాడు వినాలి, అనుకోవాలి, అరవాలి, ఆ అరుపు తిరిగి రావాలి. తెర కింద ఎర్రంకెలు పడుతున్నాయి. మౌననష్టం నాలుగు. ఏడు. తొమ్మిది. అభ్యర్థి తరగతికి వీపు చూపించెను, అని తూనిక రాసుకుంది. నీడపిల్లలు ఇరవై మందీ ఎత్తిన చేతులు దించకుండా నవ్వుతూ కూర్చున్నారు.

"కొంప ముంచింది," అంటూ ప్రభుదాసు గుమ్మంలోకి వచ్చాడు.

అన్నిటికంటే దూరపు మేడ మీద తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. పచ్చగౌను. పిట్టగోడ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. మంజీర ఆ పిల్ల వైపు తిరిగింది. "కుసుమా! వాట్ కెన్ యూ సీ?"

పిల్ల మాట్లాడలేదు. మంజీర ఆగింది.

ఐదు సెకన్లు. పది. తెరంతా ఎరుపు. "వదిలెయ్యవే తల్లీ, పక్కదాన్ని అడుగు," అని సుగుణరత్నం తనకి తెలియకుండానే గొణిగింది. పదిహేను. మేడల మీద పిల్లలందరూ గప్‌చుప్. ఒక్కడూ అందించడం లేదు, ఒక్కడూ నవ్వడం లేదు. అందరూ పడుగు కొసలు పట్టుకున్నట్టు నిలబడ్డారు. ఈ పిల్లలకి ఆగడం కూడా నేర్పింది మంజీర. అది చూసేసరికి సుగుణరత్నానికి గుండె ఉప్పొంగింది. "వదలబాక," అంది ఈసారి పైకే. "వదలబాక మంజీరా."

ఇరవై ఆరో సెకన్లో కుసుమ గడ్డం పైకి లేచింది.

"ఐ కెన్ సీ... మై టీచర్." ఒక గుక్క. తర్వాత ఇంకా గట్టిగా అంది. "షీ ఈజ్ వెయిటింగ్!"

నేతపేట మేడలన్నీ ఒక్కసారి కేకలేశాయి. సుగుణరత్నం చేతిలో టీ ఒలికింది, చూసుకోలేదు.

పాఠం ముగిసింది. తూనిక ఇరవై తొమ్మిది వేసింది. "అభ్యర్థి అనర్హురాలు. ముద్ర వెయ్యండి సాక్షి గారూ."

అప్పుడు గానీ మంజీర కెమెరా వైపు తిరగలేదు. తిరిగి, తెర చూసి, అక్కడే కూలబడింది. "మర్చిపోయా మేడమ్ గారూ. పరీక్ష సంగతే మర్చిపోయా. వాళ్ళు పలికారు, నేను తిరిగా."

"ఎన్నాళ్ళుగా చెప్తన్నావు వీళ్ళకి?"

"నలభై రోజులైంది. ఇళ్ళల్లో ఉన్న ఒక్క ఫోనూ పెద్దాళ్ళ పనికే చాలదు. పిల్లలు ఊరికే మేడలెక్కి కూర్చునేవాళ్ళు. ఈ పూట రావద్దని చెప్పా. నా గొంతు వినపడేసరికి ఎక్కేసినట్టున్నారు. వాళ్ళ తప్పేం లేదు."

"ఆ పచ్చగౌను పిల్ల?"

"కుసుమ. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు మేడమ్ గారూ. రోజూ అడిగేదాన్ని, రోజూ ఆగేదాన్ని." ఏడుపు మధ్యలోనే మంజీర మొహం వెలిగింది. "ఆ రెండో మాట నేను నేర్పలేదు. వెయిటింగ్ అని ఎప్పుడో బస్సు పాఠంలో ఒక్కసారి అన్నా. అంతే. తనే కట్టుకుంది!"

సుగుణరత్నం కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఇంతకాలం నేర్పిన దాంట్లో ఇంత మంచి పాఠం ఎన్నిసార్లు చూసింది? వేళ్ళు మడిచి చూసుకుంటే ఒక చెయ్యి చాలు.

"రత్నం," అన్నాడు ప్రభుదాసు మెల్లగా. "నీ కుర్చీ పోద్ది."

"తెలుసయ్యా."

"ఇంకో పిల్లకి అవసరమైనప్పుడు నువ్వు ఉండవు."

అదీ నిజమే. ఆవిడ టీ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత చెయ్యి చాపి ఎర్ర మీట నొక్కింది.

"మూడవ విభేదం," అంది తూనిక. "కారణం ఎంచుకోండి." తొమ్మిది కారణాలు కనపడ్డాయి. సిగ్నలు, జబ్బు, కరెంటు, అవీ ఇవీ. సుగుణరత్నం వాటినన్నిటినీ దాటుకుంటూ కిందికెళ్ళింది. అడుగున ఒక గడి ఉంది. పాఠానికి ముందు తరగతిలో లేనిది, పాఠం తర్వాత ఉన్నది, అని దాని పేరు. దాన్ని ఎవరూ పూరించరు. నీడపిల్లలకి పాఠానికి ముందే అన్నీ వచ్చు గనక అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. తూనిక తయారు చేసినప్పుడు ఏ మంచి మనిషో పెట్టి ఉంటాడు.

ఆ గడిలో ఆవిడ కుసుమ చెప్పిన రెండు వాక్యాలూ రాసింది. కింద పేరు, వయసు, మేడ.

"ఈ విద్యార్థిని నమోదులో లేదు."

"నమోదు చేసుకో. మంజీరా, కళ్ళు తుడుచుకుని పేర్లు చెప్పు. ఎంతమంది?"

"ఇరవై ముగ్గురు మేడమ్ గారూ," అంది మంజీర, నమ్మలేనట్టు. ఒక్కొక్క పేరే చెప్పింది. ఏ పేరూ తడుముకోలేదు.

సుగుణరత్నం అన్నీ ఎక్కించి, ఉత్తీర్ణురాలు అన్న చోట ముద్ర కొట్టింది. ఆ చప్పుడు గదంతా వినపడింది. "వెళ్ళు టీచరమ్మా," అంది. "నీ తరగతి ఎదురుచూస్తోంది."

ఆ పిలుపుకి మంజీర లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. తెర మీంచి వెళ్ళిపోయింది గానీ, కాసేపు ఆ పిల్లల గోల వినపడుతూనే ఉంది.

అప్పుడొక వింత జరిగింది. కుర్చీ మూతకి లెక్క మొదలు పెట్టాల్సిన తూనిక, ఆ గడి దగ్గరే ఆగిపోయింది. నిండిన గడి ఒకటి దొరికేసరికి, మిగతా పాఠాల్లో అదే గడి ఎందుకు ఖాళీగా ఉందని వెతకడం మొదలుపెట్టినట్టుంది. పొద్దుటి మూడు పాఠాల మీదా తొంభై నాలుగులు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నిన్నటివీ. మొన్నటివీ. వాటి స్థానంలో ఒకటే మాట పడుతోంది, పునఃపరిశీలన, పునఃపరిశీలన అని.

"సాక్షి గారూ," అంది తూనిక. అని, ఆగింది.

ఆరు సెకన్ల ఆలస్యానికి అందరినీ అదిలించే తూనిక, మాట మధ్యలో ఆగింది. పది సెకన్లు. ఇరవై. సుగుణరత్నానికి నవ్వొచ్చింది.

"తొందరేం లేదమ్మా," అంది దానితో, వెనక బెంచీ పిల్లతో అన్నట్టే. "ఆలోచించుకునే చెప్పు. నేనాగుతా."

గడియారం చూసింది. ఎనిమిదిన్నర దాటింది. కొంగు దోపుకుని లేచి, కుర్చీ వెనక్కి నెట్టింది.

"యాడికి?" అన్నాడు ప్రభుదాసు.

"మన వీధి మేడల మీద పిల్లలెంతమంది ఉంటారయ్యా?"

ప్రభుదాసు ఆవిడ మొహం చూశాడు, తెర చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, వంటింట్లోకి వెళ్ళి క్యాలెండరు వెనక గూట్లో దాచిన ఆవిడ పాత సుద్దముక్కల డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

"నిన్న లెక్కపెట్టా," అన్నాడు. "పదకొండు మంది. పద, మేడగంట అయిపోతోంది."