సామంతి ఎట్ వన్ టూ త్రీ

“జిరాక్స్ రంగులోనా, నలుపులోనా?”

“ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది,” అన్నాడు ప్రద్యుమ్న.

కోడ్ సరిపోయింది. రత్నం దీదీ కౌంటర్ పలక ఎత్తి అతన్ని లోపలికి రానిచ్చింది. ప్రేమ్ బజార్ విద్యార్థులకి ఆమె థీసిస్‌లు కాపీ తీసిచ్చే దీదీ. ఆ మెషీన్ల రొద వెనక ఓ రహస్య విభాగం తూర్పు శాఖ నడుస్తోందనీ, దానికి ఆమే చీఫ్ అనీ ఖరగ్‌పూర్‌లో ఎవరికీ తెలియదు.

“ఇందా పేటలో రైల్వే రూటింగ్ ఆఫీసు ఉంది. ఏ రైలు ఏ లైన్లో పోవాలో అక్కడి కంప్యూటరే సెప్తాది,” అంది రత్నం. “వచ్చే వారం ఆర్మీ స్పెషల్ వస్తాది. జవాన్లు, మందుగుండు. కోబాల్ట్ ముఠా ఏదో ఒక వంతెన కింద బాంబు ఎట్టింది. ఏ వంతెనో తెలీదు. అసలు రూటుకి కాపలా ఉంది, మిగతా లైన్లకి లేదు. రైలుని పక్క లైనుకి తిప్పితే అయిపోయినట్టే.”

“తిప్పే లాగిన్?”

“సూపరింటెండెంట్ గణపతిరావు ఒక్కడికే ఉంది. ఆ రైలు డ్రైవరెవరో తెలుసా? ఆడి కొడుకు వినోదే.”

“నా కవర్?”

“ఐటీ అడ్మిన్. నీతోపాటు ఏంజలిన్ వస్తాది, ఆడిటర్ వేషంలో. ఢిల్లీ పంపిన మన మనిషే.”

ప్రద్యుమ్న మొహం చిట్లించాడు. సరిహద్దుల్లో తూటాలు తప్పించుకున్నవాడు ఇప్పుడు గుమాస్తాల మౌస్‌లు తుడవాలన్నమాట.

ఆఫీసు చూశాక ఆ చిరాకు ఏవగింపుగా ముదిరింది. ప్రతి మానిటర్ మీదా పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ, తలుపు మీద బొట్టులా. ఒకాయన సర్వర్ యూపీఎస్‌కి టీ కెటిల్ తగిలించాడు. ఇంకొకాయన బావమరిది పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, దాంతోపాటు నాలుగు రకాల వైరస్‌లు కూడా అందరికీ పంచాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు వీళ్లకి కంప్యూటర్లు దొరికాయి.

ప్రద్యుమ్న చీటీలన్నీ పీకేశాడు. పెన్‌డ్రైవ్‌లు బంద్ చేశాడు. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అయ్యేలా, ఎదురుగా ఉన్నవాడి ఫోటో తన ఫోన్‌కీ రత్నం ఫోన్‌కీ వెళ్లేలా పెట్టాడు. మర్నాటినించి అతని టేబుల్ ముందు రేషన్ షాపు క్యూ. “ఈయన అడ్మిన్ కాదు, అడ్డంకి” అని వెనకాల నవ్వుకున్నారు.

అన్నిటికన్నా అతనికి ఒళ్లు మండేది, తాతల నాడు రైల్వే పనికి ఇక్కడికి వలసొచ్చిన ఆ తెలుగువాళ్ల మాటకి. సెప్పండి, సూడండి, సేసీసినాను. అతనూ ఈ ఊరి రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టాడు. ఢిల్లీలో ఎవరో నవ్వితే ఆ యాసని నాలుక మీంచి గీకి పారేశాడు. నోటికి చకారం తిరగనివాళ్ల చేతికి దేశం గుట్టు అప్పజెప్పారేమిటా అని రోజూ పళ్లు నూరుకునేవాడు.

ఏంజలిన్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, జారే పట్టుచీర, ఆమెకన్నా ముందే గదిలోకి వచ్చే సెంటు. తెలుగు మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు కడిగిన ముత్యం. ఆఫీసంతా పని మానేసి ఆమెకి రసగుల్లాలు మోసింది. ఛీ అనుకున్నాడు ప్రద్యుమ్న. అయినా ఆ శుద్ధమైన తెలుగు వింటే మాత్రం ప్రాణం లేచొచ్చేది.

ఆర్మీ స్పెషల్ వచ్చే రోజు మధ్యాహ్నం ఆమె అతని చెవి దగ్గరకి వంగింది.

“ఆడిట్ కోసం మీ అడ్మిన్ అకౌంట్ ఆపేశాను. ఢిల్లీ ఆర్డర్. మీరు హిజ్లీ సబాఫీసుకి వెళ్లండి. అక్కడ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది.”

విభాగం కోడ్! అక్కడ మనవాళ్లెవరో తనకోసం ఎదురుచూస్తున్నారు. ప్రద్యుమ్న ఆటో పట్టుకుని హిజ్లీకి పరుగెత్తాడు. అక్కడి క్లర్కు కోటేశ్వరి అతన్ని ఎగాదిగా చూసింది.

“మా ప్రింటర్‌కేటయింది బాబూ? సుబ్బరంగా ఉంది.”

అయితే ఇది తనని ఆఫీసు నించి పంపించేయడానికే. ఏంజలిన్ ఢిల్లీ దగ్గరా కోబాల్ట్ దగ్గరా రెండు చేతులా జీతం తీసుకుంటోంది! మళ్లీ ఆటో ఎక్కుతూ రత్నానికి మెసేజ్ కొట్టి, గణపతిరావుకి ఫోన్ చేశాడు.

“ఏంజలిన్ ఎక్కడ?”

“నా సీట్లోనే ఉంది బాబూ. నన్ను టీ తాగి రమ్మంది. మంచి పిల్ల.”

“పాస్‌వర్డ్ అడిగిందా?”

“అడిగింది, సెప్పినాను. ఆడిట్ కదా.”

“రాసిచ్చారా?”

“అదేటి బాబూ! రాయొద్దని నువ్వే కదా తిట్టినావు? నోటితోనే సెప్పినాను. సామంతి ఎట్ వన్ టూ త్రీ. మా ఆడోళ్ల పేరు.”

ప్రద్యుమ్న ఇంకొక్క ప్రశ్న అడిగాడు. జవాబు విని సీట్లో వెనక్కి చేరగిలబడ్డాడు. అతని పెదాల మీద నవ్వు చూసి ఆటోవాడు కంగారుపడ్డాడు.

అతను గణపతిరావు గదిలో అడుగుపెట్టేసరికి ఏంజలిన్ చేతిలో లిప్‌స్టిక్‌లాంటి పిస్టల్ ఉంది. తెర మీద ఎర్రటి హెచ్చరిక. ఒక్క ప్రయత్నమే మిగిలింది. దూరాన ఆర్మీ స్పెషల్ కూత వినిపిస్తోంది. అది యార్డు దాటితే ఇక రూటు మార్చడం ఎవరి తరమూ కాదు.

“ముసలాడు నాతో అబద్ధం చెప్పాడా?”

“ఆ తెలివుంటే ఈ ఆఫీసులో ఎందుకుంటాడు? నిజమే చెప్పాడు. నువ్వేం కొట్టావు?”

“సామంతి. ఓసారి ‘టి’తో, ఓసారి ‘టి హెచ్’తో.”

“‘సా’కి రెండు ‘ఏ’లు పెట్టి చూడు.”

ఆమె పిస్టల్ దించకుండా ఒంటి చేత్తో టైపు చేసింది. ఎంటర్ నొక్కింది.

అకౌంట్ లాక్డ్. మానిటర్ పైనున్న కెమెరా క్లిక్‌మంది. ఆమె చూపు అటు తిరిగిన క్షణంలో, కేబుల్ చివర్లు నొక్కే క్రింపింగ్ టూల్ ప్రద్యుమ్న చేతిలోంచి వచ్చి ఆమె మణికట్టుకి తగిలింది. పిస్టల్ టేబుల్ కిందకి దొర్లింది. తలుపు తోసుకుని రత్నం, ఆమె మనుషులు వచ్చిపడ్డారు.

“ఏం తప్పు కొట్టాను?” అంది ఏంజలిన్, చేతులకి బేడీలు పడుతుంటే.

“మొదటి అక్షరం. స్పెల్లింగ్ నేను ఫోన్లో ఆయన్నే అడిగాను. ఆయన భార్య పేరు చామంతి. సి హెచ్. ఈ ఊళ్లో చకారం రాయడానికే తప్ప పలకడానికి కాదు. నువ్వు తెలుగు పుస్తకంలో నేర్చుకున్నావు, పాపం.”

కిటికీ అవతల ఆర్మీ స్పెషల్ తన లైన్లోనే సాగిపోయింది. అప్పుడే టీ తాగి వచ్చిన గణపతిరావు జరిగింది విని కుర్చీలో కూలబడ్డాడు.

“నా కొడుకుని నేనే సంపీసుకునేవోణ్ణి కదా బాబూ!” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఏడుపు చూస్తే ప్రద్యుమ్నకి జాలేసింది. అది అతనికి కొత్త. వినోద్ క్షేమంగా స్టేషన్ చేరినట్టు కబురొచ్చాక, ఢిల్లీకి చెప్పి తన అకౌంట్ తెరిపించుకుని, లాక్ తీసి, పాస్‌వర్డ్ మార్చమని ముసలాయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అవతలికి వచ్చేశాడు.

కాసేపటికి హాలంతా దద్దరిల్లేలా కేక వినిపించింది.

“మార్సీసినాను బాబూ! సామంతి ఎట్ వన్ టూ త్రీ ఫోర్!”

ఆఫీసంతా తలెత్తి చూసింది. ప్రద్యుమ్న తిట్టబోయి ఆగాడు.

“గట్టిగానే సెప్పండి,” అన్నాడు. “మీ నోటితో సెప్పినంతకాలం దేశానికి భయం లేదు.”