నూట యాభయ్యో ఇల్లు

మా మెదక్‌ల దారి తప్పాలన్నా తప్పలేం. ఏ గల్లీల తలెత్తినా ఒక దిక్కు చర్చి గోపురం, ఇంకో దిక్కు ఖిల్లా గుట్ట కనవడ్తయి. నేను అంగన్‌వాడి టీచర్ని, పేరు సుమన. ఇంటింటి సర్వేల ఖిల్లా కింది నూట యాభై ఇండ్లు నాకు రాసిండ్రు. తలుపుకు స్టిక్కర్ అతికించాలె, పేర్లు రాసుకోవాలె, సంతకమో వేలిముద్రో పెట్టించాలె. కూలికి పోయినోళ్ల ఇండ్లల్ల పిల్లలు గడపల నిలవడి ఒక్కటే మాట చెప్తుండె. "టీచరమ్మా, పెద్దోళ్లు ఇంట్ల లేరు. పొద్దుగూకినంక రాండ్రి." తిరిగి తిరిగి నా కాళ్లు వాసినయి.

ఆఖరిది గల్లీ చివర పెంకుటిల్లు. తాళమేసి ఉన్నది. అండ్ల కిష్టవ్వ అనే ముసలామె ఒక్కతే ఉంటుండెనట, పోయిన వానకాలం సచ్చిపోయిందట. పక్కింటి యాదవ్వ చెప్పింది. కిష్టవ్వకు పిల్లల్లేరు. ఎవరి పిల్లలు కనవడ్డా మా ఇంటికి రాండ్రి అని పిలుస్తుండెనట.

"ఆ అరుగు మీద కూసోకు బిడ్డా," అని మెల్లగ అని యాదవ్వ లోపలికి పోయింది.

నేను కూసున్న. మిట్ట మధ్యాహ్నం, ఎండకు పానం పోతుంది, ఎవలు భయపడ్తరు? ఖాళీ ఇల్లని రాస్తే మా సూపర్‌వైజర్ మదన్ మోహన్ సార్ మళ్ల మళ్ల తిప్పుతడు. అందుకని కిష్టవ్వ బతికున్నట్టే రాసిన. ఒంటరి ముసలామె అంటే ఇంకో ఫారం నింపాలె, ఫోటో తియ్యాలె. తోడుగ ఒక మనుమరాలిని పెట్టిన. పేరు కోసం ఆలోచన గూడ చెయ్యలే. కృతిక, ఐదేండ్లు. నా బిడ్డ పేరు. కింద వేలిముద్ర నేనే ఏసిన. బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పాలె.

లేస్తుంటే వాసనొచ్చింది... సున్నంల నలిపిన పొగాకు వాసన. తాళమేసిన తలుపు సందుల నుంచి.

ఫారాలు ఆఫీసుల ఇచ్చి, ఇంటికి పోయి కృతికను ఎత్తుకుంటే దాని జుట్టుల అదే వాసన. మా ఇంట్ల పొగాకు ముట్టేటోళ్లు లేరు. ఎవలొచ్చిండ్రే అని అడిగిన.

"అవ్వ," అన్నది. "నన్ను అవ్వ ఇంట్ల రాసినవంట గదా."

ఆ రాత్రి బిడ్డను ఒడిల నుంచి దించలే.

తెల్లారంగనే కృతికను మా ఆయన మల్లేశ్ దగ్గర విడిచి ఆఫీసుకు ఉరికిన. తప్పయింది సార్ అని మదన్ మోహన్ సార్ కాళ్లావేళ్లా పడి ఫారం తీయించిన. ఆయన ఎన్ని మాటలన్నా పడ్డ. ఎర్ర పెన్ను తీసి బిడ్డ పేరు మీద గీత కొట్టిన. కింద నా వేలిముద్ర పక్కన ఇంకొకటి ఉన్నది. ముడతల వేలిది. సూసి సూడనట్టే ఫారం మూసిన.

అమ్మయ్య అనుకుంట వాపసొస్తుంటే మల్లేశ్ గల్లీ మూలకు చాయ్ తాగుతుండు. పాప ఇంట్లనే ఆడుకుంటుంది, ఇప్పుడే ఇటు వచ్చిన అన్నడు.

కృతిక గడపల నిలవడ్డది. ఉరికొస్తదని చేతులు చాపిన. అది కదల్లే... కొత్తోళ్లను సూసినట్టు సూసింది.

"టీచరమ్మా, పెద్దోళ్లు ఇంట్ల లేరు. పొద్దుగూకినంక రాండ్రి."

తలుపేసుకున్నది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడైంది.

మా తలుపు గొళ్లెం మీదికుంటది... కృతికకు అందదు.