దసరాకి వచ్చే కార్డు

తెర మీద గోడ వచ్చింది, పొయ్యి వచ్చింది, పొయ్యి ముందు ఆకుపచ్చ చీర వచ్చింది. చీర పైన ఉండాల్సిన ముఖం దగ్గరికొచ్చేసరికి యంత్రం మొరాయించింది. డాక్టర్ విదుల స్విచ్ ఆపి, మద్దిలేటి తల మీది తీగల టోపీ తీసింది.

కర్నూలులోని ఆ ప్రయోగశాలలో ఉన్న యంత్రం పేరు స్మృతిదర్శిని. మనిషి తలచుకున్నదాన్ని తెర మీద బొమ్మగా చూపిస్తుంది. ఆ బొమ్మ చూసి 'ఇలా కాదు' అని మనసు అనుకోగానే పసిగట్టి మార్చేస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి, లేకపోతే మనసు ఇంకెక్కడికో పోతుంది. కాబట్టి దాని సత్తా అంతా లోపల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులో ఉంది. గ్రాఫిక్స్ కార్డు కొనడానికి మంచి సమయమంటూ లోకంలో ఇంతవరకూ రాలేదు. కొన్న మర్నాడే అంతకన్నా మంచిది వస్తోందని ప్రకటన పడుతుంది.

"ఇప్పుడు బజార్లో ఉన్న కార్డు వేస్తే ముఖం వస్తుంది. కానీ చర్మం నున్నగా వస్తుంది, చిన్న వివరాలు ఎగిరిపోతాయి. దసరాకి కొత్త కార్డు వస్తోంది. పది నెలలు ఆగండి," అంది విదుల.

మద్దిలేటి లారీ తోలి తోలి మానేసిన మనిషి. ఆరో ఏట తల్లి పోయింది. ఫొటో ఒక్కటీ లేదు.

"మాయమ్మ మొగమంతా అమ్మోరు పోసిన మచ్చలే మేడం. పండుకున్నప్పుడు ఒక్కో గుంటలో ఏలు పెట్టి లెక్కబెడతాంటి. ఇరవై దాటకముందే నిద్రొస్తాండె."

"ఆ మచ్చలే రావంటున్నాను."

"రాకుంటే పోనీ మేడం. గుండెకు రెండు స్టెంట్లు ఏసినారు. దసరాకు నేనుంటానో లేదో ఎవురు సెప్పొచ్చినారు? ఇప్పటికిది సూపీండి. కొత్తది వచ్చినాక మార్సుకుంటే సరిపాయె."

ఇందులో నష్టమేమీ విదులకూ కనిపించలేదు. మర్నాడే కార్డు తెప్పించింది.

ముఖం వచ్చింది. ఇస్త్రీ చేసినట్టున్న బుగ్గలతో నవ్వింది. మద్దిలేటి మనసు మచ్చలు పెట్టాలని ఎంత ప్రయత్నించినా కార్డుకు చేతకాలేదు. అయినా "మాయమ్మే!" అని భోరుమన్నాడు. ఆ బొమ్మను ఫోనులో వేయించుకుని పది నెలలూ పొద్దున లేవగానే చూసుకున్నాడు. స్టెంట్లూ మాట నిలబెట్టుకున్నాయి.

దసరా వచ్చింది, చెప్పినట్టే కార్డూ వచ్చింది. విదుల కబురు పెట్టింది.

ఈసారి తెర మీద కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ముక్కుపుడకలో పొయ్యి మంట మెరిసింది. బుగ్గలు మాత్రం నున్నగానే ఉన్నాయి.

"ఇప్పుడు మచ్చలు తలచుకోండి," అంది విదుల.

"ఏం మచ్చలు మేడం?"

"అమ్మవారి మచ్చలు. వేలు పెట్టి లెక్కబెట్టేవాణ్ణని మీరే చెప్పారు."

అతను నవ్వాడు. "యాడిది మేడం! ఇంకెవురో సెప్పింటారు. మాయమ్మ మొగం అద్దమే కదా."

విదుల మొదటి రోజు నోటుబుక్కు తీసింది. మచ్చల సంగతి తన చేతిరాతతోనే ఉంది. మనసు బొమ్మను దిద్దుతుందన్న నమ్మకంతో ఆ యంత్రాన్ని కట్టింది తనే. బొమ్మ కూడా మనసును దిద్దగలదని తనకు తోచనేలేదు. ఆ తల్లిని ఎన్నడూ చూడని తనకు తప్ప ఇప్పుడా మచ్చలు లోకంలో ఎవరికీ తెలియవు. ఆమెకు ఏడుపొచ్చింది. పుస్తకం చూపిద్దామని లేచి, మద్దిలేటి సంతోషం చూసి మళ్ళీ కూర్చుంది.

అతను తెర దగ్గరికి జరిగి తల్లి బుగ్గ మీద చూపుడువేలు ఆనించాడు. వేలు కొంచెం జరిగి ఆగింది. మళ్ళీ జరిగి, మళ్ళీ ఆగింది.

"ఏం వెతుకుతున్నారు?" అంది విదుల.

"ఏమో మేడం," అన్నాడు.