రోజలిన్ నొక్కితే ఆరు, ఉమామహేష్ నొక్కితే రెండు

సీతమ్మధార క్లినిక్‌లో నాగబాబు చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. బోటు మీద వల లాగీ లాగీ కుడి భుజం పాడైంది. చెయ్యెత్తితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

"నొప్పెంతుందో డాక్టరు కాయితం తే. జెట్టీ మీద కాపలా పనిత్తాను. నేదంటే బోటెక్కు," అని పంపాడు బోటు యజమాని అర్జునరావు.

ఫిజియోథెరపిస్ట్ రోజలిన్ చేతిలో రబ్బరు మొన ఉన్న చిన్న మిషను ఉంది. దాన్ని కండ మీద ఆనించి మెల్లగా నొక్కుతుంది. నొప్పి మొదలయ్యేసరికి ముల్లు ఎన్ని కిలోలు చూపిస్తే అదే లెక్క; అంకె ఎంత తక్కువైతే నొప్పి అంత ఎక్కువన్నట్టు.

"నొప్పనిపించగానే చెప్పండి."

"అలాగే మేడమ్."

ముల్లు రెండు దాటింది. నాలుగు దాటింది. నాగబాబుకి చెమటలు కారుతున్నాయి గానీ నోరు విప్పలేదు.

"ధైర్యం చూపించమనలేదండీ. నొప్పి చెప్పమన్నాను."

"ఏటీ నేదు మేడమ్. సల్లగా తగిలింది."

ఆరు దగ్గర ఆమే ఆపేసింది, నవ్వు ఆపుకుంటూ.

రెండోసారీ ఆరే. మూడోసారి ఆమె సెలవులో ఉంటే ఇంకో ఫిజియోథెరపిస్ట్ ఉమామహేష్ నొక్కాడు. రెండు దగ్గరే నాగబాబు కేక పెట్టాడు.

"ఇతనైనా నటిస్తున్నాడు, నీ చెయ్యైనా సరిగ్గా లేదు," అన్నాడు పెద్ద డాక్టరు రోజలిన్‌తో. కాగితం ఇవ్వలేదు. అర్జునరావు ఎల్లుండి బోటెక్కమన్నాడు.

పోయినేడు నాగబాబు అన్న సూరన్న చెయ్యి పట్టు తప్పి సముద్రంలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం రోజలిన్ నాగబాబుని మెట్ల దగ్గర నిలేసింది.

"నా చేతికి ఆరెలా వచ్చింది? నా ఉద్యోగం మీదకొచ్చింది."

"మీ ముందర నొప్పని అనబుద్ధి కాలేదు మేడమ్. పిరికోడనుకుంటారని."

"అనుకుంటే ఏం?"

"ఏటంటే... ఎప్పుడూ మీరే గురుతొత్తన్నారు. అంతే."

"ఆ భుజంతో బోటెక్కి మునిగిపోతే నన్నేం చెయ్యమంటారు?" అందామె.

మర్నాడు పెద్ద డాక్టరు ముందు, ఎవరు నొక్కుతున్నారో కనపడకుండా అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ఉమామహేష్ నొక్కాడు, రెండు. ఆమె నొక్కింది, రెండు. కాస్త ఆగి మళ్లీ నొక్కింది. రెండే.

"ఇది నమ్మొచ్చు," అని డాక్టరు సంతకం పెట్టాడు. "వల సంగతి మర్చిపో బాబూ. ఈ చెయ్యి ఇంక లాగలేదు."

నాగబాబు కాగితం పట్టుకుని బయట బెంచీ మీద ఏడ్చాడు. "మాది వేట ఇల్లు మేడమ్. ఇంక నానెవరిని?"

రోజలిన్ పక్కన కూర్చుంది.

"రేపు అర్జునరావుగారి దగ్గరికి నేనూ వస్తాను."

"ఏటని వత్తారు?"

"ఈ నంబరు తీసింది నేనేనని."

"తరవాత?"

"తరవాత మీ అమ్మ దగ్గరికి. అక్కడ నన్నెవరని చెప్తావో దారిలో ఆలోచించుకో, నాగబాబూ."