సైనైడ్ దిబ్బ దగ్గర బోర్డో విందు

"సెల్విన్, కళ్లు మూయొద్దు!"

అరుస్తూనే డయానా అతని మెడ మీద అరచెయ్యి అదిమింది. నెత్తురు ఆమె వేళ్ల సందుల్లోంచి కారి, బంగారం తీసి పారబోసిన సైనైడ్ దిబ్బ తెల్లమట్టిలో ఇంకిపోతోంది.

"తెలిసినోడే అక్కా... నేనే తలుపు తీసినాను. చిప్పు తీసుకునేసినాడు..."

అంతే. సెల్విన్ తల ఆమె ఒడిలో వాలిపోయింది.

బంగారు గనులు మూతపడ్డాక వాటి చుట్టూ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ రహస్యంగా సెన్సర్లు పాతింది. పొరుగుదేశం భూమి అడుగున అణుపరీక్ష చేస్తే అవి ఇక్కడే పసిగడతాయి. వాటి నోరు నొక్కే కోడ్ ఆ చిప్‌లో ఉంది. నంగలి దగ్గర రాష్ట్ర సరిహద్దులో దానికోసం విదేశీ ముఠా కాచుకుని ఉంది.

దిబ్బ పక్కనున్న సెన్సర్ల స్టేషన్‌కు కాపలా ఏజెంట్ సెల్విన్. అతను తలుపు తీసేది ఇద్దరికే: ఇంజినీర్ జయరాం, చీఫ్ ప్రేమరాజు.

"జయరాందే ఈ పనమ్మా," అన్నాడు ప్రేమరాజు ఫోన్‌లో. "వాడికి అనుమానం రానీకు. మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో వైన్ విందు మామూలుగా జరగనీ. నేనూ వస్తా. వాడి జీపు మీద కమాండోల గురి ఉండాల."

డయానా పళ్లు పటపట కొరికింది. జయరాం గొంతు అక్కడే పిసికేయాలనిపించింది.

విందు ఇచ్చేది ఇసబెల్లా. లోకానికి ఫ్రెంచ్ వైన్ వ్యాపారి, ముఠాకు కొరియర్, నిజానికి డయానా మనిషి. వంటగదిలో పచ్చపట్టు చీర కొంగు దోపుకుని సీసా మూత లాగింది.

"ముఠాకు చిప్ అమ్మేవాడిని నేను చూడలేదు డయానా. గరుడ అంటారు, అంతే. పోయినేడు ఫ్రాన్స్‌కు పిలిపించి నెల్లాళ్లు ఇదే తాపించినారు. బోర్డో. చిక్కటి ఎర్ర వైన్. కారంతో తాగితే నోరు మండిపోతాది. కొవ్వున్న మాంసం నమిలి తాగితే మెత్తగా దిగుతాది. అలవాటైన నాలుక అబద్ధం చెప్పదు. ఈ మాట ఎవరికీ చెప్పలే. మీ చీఫ్‌కు కూడా చెప్పొద్దు."

నెరిసిన విగ్గు, కళ్లద్దాలు, ఏప్రన్. బ్రూచ్‌లో వైర్‌లెస్. డయానా వడ్డనకు దిగింది. జయరాం, ప్రేమరాజు ఇద్దరికీ రాగిముద్ద, ఇక్కడివాళ్లు సారు అనే మంట పుట్టించే చారు, కొవ్వు ఒలికే పొట్టేలు మాంసం పెట్టింది.

జయరాం గ్లాసు ఎత్తి సారాయి మాదిరి ఒక్క గుక్కలో గొంతులో పోసుకున్నాడు. ముద్ద తుంచి, సారులో అద్ది, నమలకుండా మింగాడు. మరుక్షణం పొలమారింది.

"థూ! ఇదేం కషాయమమ్మా, నాలిక తోలైపోయె! నీళ్లుండాయా?"

డయానా చెంబు అందించింది. ఇతను కాదు!

"నాకు చర్చిలో ఇచ్చే చెంచాడు తప్ప ఈ యవ్వారం తెలీదమ్మా," అంటూ ప్రేమరాజు గ్లాసు కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పాడు. వాసన చూశాడు. ముద్దనూ సారునూ మోచేత్తో అవతలికి నెట్టాడు. కొవ్వుముక్క నిదానంగా నమిలి, అప్పుడు చిన్న గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని నోట్లోనే నిలుపుకున్నాడు.

ఇక్కడి గని కాలనీ ఛాంపియన్ రీఫ్‌లో పుట్టి పెరిగిన మనిషి వేడివేడి ముద్దను వేలితో కూడా తాకలేదు!

డయానా ఒళ్లు భగ్గుమంది.

"నంగలి దాకా పనుండాది. వస్తా," అంటూ ప్రేమరాజు లేచాడు. బయట డ్రైవరు అతని నల్లకారు స్టార్ట్ చేశాడు.

బ్రూచ్‌లో కమాండో గొంతు గరగరలాడింది. "మేడం, జీపు టైర్లు కొట్టేయమంటారా?"

"జీపు కాదు. నల్లకారు. కొట్టు!"

ఢాం! ఢాం! కారు ఒక పక్కకు ఒరిగింది. ప్రేమరాజు చెయ్యి కోటు లోపలికి పోయేలోపే డయానా దాన్ని వెనక్కి విరిచి అతన్ని బల్ల మీద పడేసింది. అతను రెండో చేత్తో దాచబోయిన గడియారం పట్టీ చించితే గోరంత చిప్ ఊడిపడింది.

"ఏయ్! నేను నీ చీఫ్‌ని!"

"అందుకే వాడు తలుపు తీసినాడు సార్!" విగ్గు పీకి నేలకు కొట్టింది డయానా. "మీరని తీసినాడు! ఇరవై ఆరేళ్ల పిల్లోడు!"

జయరాం చెంబు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు.

"మేడం, గరుడ ఎవరు?" బ్రూచ్‌లో కమాండో అరుస్తున్నాడు. "ఎవర్ని పట్టుకోవాల? పేరు చెప్పండి!"

డయానా బల్లకేసి అదిమిన ఆ తల వైపు చూసింది. బ్రూచ్‌ను నోటి దగ్గరికి లాక్కుంది.

"సారు భోజనం ముగిసింది. వచ్చి తీసుకుపోండి. పేరు ప్రేమరాజు."