ఐసు ఫ్యాక్టరీలో మోగిన ఫోను

ఐసు ఫ్యాక్టరీ దారిలోకా వెళ్లాలి మీరు? ఇప్పుడా? పొద్దుగూకి ఎంతసేపయిందో చూసుకున్నారా బాబుగారూ? కూర్చోండి, టీ పెడతాను. చీకటిపడ్డాక ఆ దారిలో గుండుగొలనులో పుట్టి పెరిగినవాళ్లే అడుగు పెట్టరండి. మీరేమో పొరుగూరి నుంచి కారేసుకొచ్చి వెళ్తానంటున్నారు.

అది మూతపడి పన్నెండేళ్లయింది. ఒకప్పుడు కొల్లేటి చేపలకి ఐసంతా అక్కడి నుంచే వెళ్లేది. ఒకరోజు రాత్రి గ్యాసు లీకై, ఐసు దిమ్మలు కరగకుండా ఊక చల్లే ఆవిడ లోపలే పోయిందంటారు. అప్పటి నుంచీ... చీకటి పడితే దిమ్మని ఈడ్చిన చప్పుడు. చర్ర్... మని. కరెంటు లేదు, మిషన్లు ఎప్పుడో పీక్కుపోయారు. మరి ఐసెక్కడిదండీ?

అదొక్కటే అయితే పరవాలేదు. పిలుస్తుందట. పేరు పెట్టి మరీ పిలుస్తుందట.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. హేమంత్‌కుమార్ కూడా అలాగే నవ్వుకుంటూ వెళ్లాడట.

ఎవరాయనా అంటారా... తాడేపల్లిగూడెం మనిషి. ఆటో తోలే అబ్బాయిరాజు చెప్పగా విన్నదే నేను. కాకపోతే ముందు బేబీరాణి సంగతి చెప్పాలి. మీరు ఏరేటర్లు కొంటానని వెతుక్కుంటూ వచ్చింది ఆవిడ ఇల్లే కదండీ.

బేబీరాణి మొగుడు దుర్గారాజు. కొల్లేట్లో చేపల చెరువు చేసుకునేవాడు. సరస్సులో చెరువులు కూడదని అధికారులొచ్చి గట్లు కొట్టేశారు, చెరువు పోయింది. ఆ ఏడాదే ఆయనకి రెండు కిడ్నీలూ పోయాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఏలూరు వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. మిషను ఖాళీ అయినప్పుడు ఆసుపత్రివాళ్లు ఫోను చేస్తారు. ఎత్తితే సరే, ఎత్తకపోతే ఆ మిషను తరవాతి మనిషికి. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, ఆ నెంబరే అక్కడ రాసుకున్నారు. అర్థమైంది కదండీ, ఆ ఫోను మోగితేనే ఆ మనిషికి ఊపిరి.

చెరువు పోయాక, నీళ్లు చిలికే ఏరేటర్లు రెండూ ఇంటి వెనక పడున్నాయి. అమ్మేద్దామని ఫోన్లో ప్రకటన పెట్టింది. నెంబరు బయట పెట్టకండి, మాటలన్నీ ఇక్కడే రాసుకోండి అని ఆ యాప్‌వాడు చెబుతూనే ఉన్నాడు. టైపు చేస్తే చెరిపేస్తాడు కూడా. మనవాళ్లు ఊరుకుంటారా? ఇక్కడ అందరూ చేసేదే... సుద్దముక్క తీసుకుని వస్తువు మీదే నెంబరు రాసి ఫోటో తీయడం! ఏరేటరుకి ఉండే నీలం డబ్బాల మీద ఇంతింత అంకెలు వేసింది, పిచ్చితల్లి.

మొట్టమొదట ఫోను చేసింది ఆ హేమంత్‌కుమారే. పేరు మాత్రం చరణ్ అని చెప్పాడు. రెండు రోజులు మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడిగాడు. మూడోరోజు భోంచేశావా అన్నాడు. నాలుగోరోజు రాత్రి... ఛీ! నా నోటితో చెప్పను.

బ్లాక్ చేస్తే ఇంకో నెంబరు నుంచి. అదీ బ్లాక్ చేస్తే వాడి స్నేహితుడు. పెళ్లిలో పులిహోర వడ్డించినట్టు ఆవిడ నెంబరు అందరికీ వడ్డించాడండి సచ్చినోడు. ఒక రాత్రి ఏడ్చి ఏడ్చి, ఫోను కట్టేసి పడుకుంది. తెల్లారగట్ల ఆసుపత్రివాళ్లు మూడుసార్లు చేశారట. మిషను వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఆ రోజంతా దుర్గారాజు గట్టున పడ్డ చేప లాగా నోరు తెరుచుకుని... నేను చూశానండి. ఆయన వీపు నిమురుతూ కూర్చున్నది నేనే. ఆ రోజు వాడు నా చేతికి దొరికుంటే ఈ సలసల కాగే నీళ్లు మొహాన కొట్టేదాన్ని.

మర్నాడు వాడి మెసేజీ వచ్చింది. 'మీ ఇల్లు ఐసు ఫ్యాక్టరీ పక్కనే కదా, మ్యాపులో చూశాను. రేపు రాత్రి ఎనిమిదింటికి వస్తున్నా' అని. ఆ యాప్ ఇల్లు సరిగ్గా చూపించదండి, ఉజ్జాయింపుగా ఓ గుండ్రం గీసి ఊరుకుంటుంది. ఆ గుండ్రం నడిమధ్యన ఉన్నది ఐసు ఫ్యాక్టరీ.

వచ్చాడు.

మోటారుసైకిలు మీద వచ్చాడు. ఏరేటర్లు కొనేవాడు మోటారుసైకిలు మీద వస్తాడటండీ? గేటు దగ్గర ఆపాడు. గాలి లేదు. గుంటలో తూటికాడ కూడా కదలట్లేదు. కప్పలు అరుస్తున్నాయి... ఉన్నట్టుండి అవీ ఆగిపోయాయి.

చుట్టుపక్కల ఇల్లన్నది కనబడలేదు. ఆవిడ నెంబరుకి ఫోను చేశాడు.

మోగింది. ఆ మోత ఫ్యాక్టరీ లోపలి నుంచి వస్తోంది.

"బేబీ..." అనుకుంటూ లోపలికి వెళ్లాడు. నాలుగడుగులు వేశాడో లేదో మోత ఆగిపోయింది. చేతిలో ఫోను వెలుతురు తప్ప ఇంకేం లేదు. గోడలన్నీ పాకుడు, గబ్బిలాల కంపు...

చర్ర్...

ఆగాడు. అదీ ఆగింది. ఇంకో అడుగు వేశాడు.

చర్ర్...

"వచ్చావా... హేమంత్‌కుమారూ..."

ఆడగొంతు. గుసగుసగా. వాడు చెప్పుకున్నది చరణ్ అని కదండీ!

"ఎ... ఎవరు?"

"పచ్చ గేటు... డోర్ నెంబరు పదకొండు, బై, నలభై రెండు... మెట్ల పక్కన మందారచెట్టు..."

"ఎవరు నువ్వు?"

"మీ ఆవిడ మెడ మీద పుట్టుమచ్చ... పాపది మూడో నెంబరు స్కూలు బస్సు... ఎర్ర సైకిలుకి గంట ఊడిపోయింది కదూ..."

"మా పాప జోలికి రాకు!" అని గావుకేక పెట్టాడు.

"నువ్వు... రాలేదూ?" అంది గొంతు.

అంతే! మోటారుసైకిలు గేటు దగ్గరే వదిలేశాడు. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. హైవే మీద పడి పరిగెడుతుంటే అబ్బాయిరాజు చూసి ఆటో ఎక్కించుకుని భీమడోలు రైల్వే స్టేషన్లో దింపాడు. దారిపొడుగునా ఒకటే గోలట, దెయ్యం దెయ్యమని. మర్నాడు బావమరిది వచ్చి బండి తీసుకెళ్లాడు.

ఆ తరవాత వాడి దగ్గర నుంచి ఫోను రాలేదు. నెలరోజులయింది. దుర్గారాజుకి ఒక్క మిషను కూడా తప్పలేదు.

దెయ్యానికి స్కూలు బస్సు నెంబరు ఎలా తెలిసిందని అడగరేం బాబుగారూ? వాడూ అదే యాప్‌లో అమ్మకాలు పెట్టాడండి. వాడూ ఫోటోల మీద నెంబరు రాశాడు. చుట్టుపక్కల ఊళ్ల అమ్మకాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, వాడు మొదట ఫోను చేసిన ఆ నెంబరుతోనే ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. సైకిలు ఫోటోలో గేటూ, డోర్ నెంబరూ. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో బస్సు నెంబరు. సోఫా వెనక ఆవిడ బట్టలు మడతపెడుతోంది, మెడ మీద మచ్చ కూడా కనబడుతోంది. పేరుతో సహా ఇల్లంతా తనే ఊరి ముందు పరిచిపెట్టుకున్నాడు. నేను చదివింది ఏడో తరగతి. వెతకడానికి అది చాలింది.

ఔనండీ, నేనే. కనకరత్నాన్ని. అబ్బాయిరాజు చెప్పింది ఆటో ఎక్కిన దగ్గర నుంచే, లోపల జరిగింది ఒకరు చెప్పాలా నాకు? ఈడ్చింది పాత ఇనపరేకు. దోమలు కాళ్లు పీక్కుతిన్నాయి. పాప మాట ఎత్తినందుకు నాకూ బాధగానే ఉందండి, చిన్నపిల్ల, దానికేం తెలుసు. కానీ దుర్గారాజు ఆ రోజు పడ్డ అవస్థ కళ్లముందు ఆడింది, నోరు ఆగలేదు.

ఇక మీ సంగతి. ఏరేటర్లు అమ్ముడుపోయి ఇరవై రోజులు. ప్రకటన తీసేశాం. మరి బేబీరాణి నెంబరూ, ఐసు ఫ్యాక్టరీ గుర్తూ మీకెవరిచ్చారు? నిన్నటి నుంచి ఆరుసార్లు చేశారు. ప్రతిసారీ ఎత్తి, గొంతు విని పెట్టేసింది నేనే. పొద్దుగూకితే ఆ ఫోను నా దగ్గరే ఉంటుంది. ఇదిగో.

లేవకు. కూర్చో.

ఫణీంద్ర కదూ నీ పేరు? నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. ఈ కారే మొన్న అమ్మకానికి పెట్టావు, ఆరుసార్లు ఫోను చేసిన నెంబరే అద్దం మీద రాసి. మూడో ఫోటోలో మీ అమ్మగారు వాకిట్లో ముగ్గేస్తున్నారు. పక్కింటి బోర్డు కూడా చక్కగా చదవొస్తోంది. ఆవిడకి ఫోను చేసి చెప్పనా, మీ అబ్బాయి రాత్రిపూట ఎవరి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడో?

దండాలు నాకెందుకు పెడతావ్... ఆగు. మోగుతోంది. నోరెత్తకు.

"ఆఁ, చెప్పండమ్మా. దుర్గారాజు తాలూకే... ఇప్పుడా? గంటలోనా? వస్తారమ్మా, బయల్దేరిపోయారనుకోండి. ఇంకెవరికీ ఇవ్వకండి, మీకు పుణ్యముంటుంది..."

విన్నావుగా. అబ్బాయిరాజు ఆటో భీమడోలు వెళ్లింది, అది వచ్చేదాకా ఆగితే మిషను పోతుంది. కారు తియ్యి. వాళ్లిల్లు ఫ్యాక్టరీ దగ్గర కాదు, నా టీకొట్టు వెనకే. వెనక సీట్లో మొగుడూ పెళ్లాం కూర్చుంటారు. గతుకుల్లో మెల్లిగా తోలు, ఆ మనిషికి ఆయాసం. అద్దంలోంచి కూడా బేబీరాణి వైపు చూడకు. ముందు సీట్లో, నీ పక్కన, నేను కూర్చుంటాను.